తడి కబురు

"జర చెయ్యి పెట్టి సూడు ప్రసూనా, అవ్వ తడిపినట్టున్నది" అన్నాడు శ్రీశైలం. గడప ఇవతలే నిలబడి, భుజం మీది తువ్వాలను ముక్కుకు అడ్డం పెట్టుకుని మరీ అన్నాడు. తల్లి మంచం పట్టిన నాటి నుంచీ ఆయనగారికి ఆ గడప దాటడం చేతకాలేదు. తల మాత్రం లోపలికి వంచి "అవ్వా, మంచిగున్నవా" అని అడుగుతాడు. ఆ ముసలమ్మ వంకర తిరిగిన నోటితో ఒక ముక్క కూడబలుక్కునేలోపే ఇంటి ముందు భాగంలో ఉన్న తన మోటార్ల దుకాణంలోకి వెళ్ళిపోతాడు. వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్న ప్రసూన చేతులు కడుక్కుని వచ్చింది. అత్త నడుము కిందికి అరచెయ్యి దూర్చింది. దుప్పటి చల్లగా తగిలింది. వెచ్చగా తగిలితే ఇప్పుడే పోసిందని, చల్లగా తగిలితే ఎప్పటి నుంచో అందులోనే పడి ఉందని ఆ చేతికి బాగా తెలుసు. కంప్యూటర్లలో డిగ్రీ చేసిన చెయ్యి, చివరికి సంపాదించిన నైపుణ్యం ఇదీ. దుప్పటి మార్చి, ఒళ్ళు తుడిచి, పౌడరు అద్ది, సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని వచ్చి మళ్ళీ అదే పిండిలో వేళ్ళు పెట్టింది. పెట్టాక ఒకసారి ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. సబ్బు వాసన కింద ఆ రెండో వాసన అట్లాగే ఉంది.

అత్త దుర్గవ్వకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట పోలేదు గానీ ఒక్కో మాటనూ తోడుకుని తోడుకుని బయటికి తెచ్చుకోవాలి. డైపర్లు ఒరుసుకుని పుండు పడుతోందని, పగటిపూట వాడొద్దని డాక్టరు చెప్పాడు. ఇంకేం, పొద్దున లేచింది మొదలు ఆ నడుము కిందికి చెయ్యి పెట్టి చూడటమే పని. అన్నం వార్చి ఒకసారి, బట్టలు ఆరేసి వచ్చి ఒకసారి, తను తినబోయే ముందు ఒకసారి, తిన్నాక ఇంకోసారి. ముసలామె తనంతట తాను చెప్పదు. మొదట్లో చెప్పేది. "తడిసింది" అని ఆమె అన్న ఒకరోజు గోడ అవతలి నుంచి కొడుకు "మల్లనా? ఇప్పుడే గద మార్చింది" అని విసుక్కున్నాడు. మార్చింది ఆయనైనట్టు. ఆ రోజు నుంచి ఆమె చెప్పడం మానేసింది, తడిలో పడుకుని గోడ వైపు చూడటం మొదలుపెట్టింది.

అసహ్యం ఎవరికి ఉండదు చెప్పండి. శ్రీశైలానికి ఉంది. "నాతోని కాదు, నాకు వాంతికొస్తది" అని చుట్టాలందరి ముందూ చెప్పుకుంటాడు, అదేదో పుట్టుకతో వచ్చిన సుకుమారమైనట్టు. వినేవాళ్ళు కూడా "పాపం, మెత్తటి మనిషి" అంటారు. అదే మాట ప్రసూన కూడా ఒక్కసారి అంది. "అన్నం ముంగట కూసుంటే కడుపుల తిప్పుతుంది" అంది. ఆడబిడ్డ ఉష అక్కడే ఉండి, "రేపు నీకు రాదా వదినా ముసలితనం" అంది. ఈ ఇంట్లో కడుపులో తిప్పడం కూడా మగవాళ్ళ హక్కే. ఆడదానికి తిప్పితే నీళ్ళోసుకుందేమోనని అడుగుతారు, అది కాదని తేలితే పాపిష్టిదంటారు. అత్త మాత్రం తక్కువ తిందా? మంచాన పడకముందు, ప్రసూన బయట చేరిన రోజుల్లో, "ఆ వాసన నాకు పడది, దూరం కూసో" అని వెనక రేకుల కింద కూర్చోబెట్టి, అన్నం పళ్ళేన్ని కాలితో నెట్టినంత పని చేసేది. ఇప్పుడు దుప్పటి మారుస్తూ అది గుర్తొచ్చినప్పుడల్లా ప్రసూనకు లోపల ఎక్కడో చిన్న సంతోషం కదిలేది. మరుక్షణం ఆ సంతోషాన్ని చూసి తన మీద తనకే రోత పుట్టేది. మంచి కోడలుగా ఉండాలని ఆమెకేం లేదు. ఇంత నీచంగా మాత్రం అయిపోకూడదని ఉంది.

ఆమె ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది కాదు. కోమటి చెరువు దాటాక ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేది. అత్త పడిపోగానే "సెలవు పెట్టు" అన్నాడు శ్రీశైలం. సెలవు అయిపోతుండగా "ఇగ మానెయ్యరాదు" అన్నాడు. పగటిపూట చూసుకోవడానికి పక్క వీధిలోని మల్లమ్మను పెట్టుకుందామని ప్రసూన అడిగింది, ఆ మల్లమ్మ కూడా వస్తానంది. శ్రీశైలం ఒప్పుకోలేదు. "ఇంట్ల కోడలుండంగ అవ్వను బయటి మనిషి చేతుల పెడ్తే దుకాణానికి వచ్చేటోళ్ళు ఏమనుకుంటరు? ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆయన ఇజ్జత్ అంతా ఆమె అరచెయ్యి మీదే నిలబడి ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. కాలేజీలో ఆఖరి రోజున ల్యాబు పెద్ద ప్రమీలాదేవి మేడమ్ ఒక అట్టపెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. అందులో అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు, రంగురంగుల వైర్లు, చిన్న బల్బులు, ఒక బజరు, రకరకాల సెన్సార్లు. "పోరగాండ్లు ప్రాజెక్టు జేసి ఇడిచిపెట్టి పోయిన్రు. ఇంట్ల ఉండి పైథాన్ నేర్చుకో ప్రసూనా. ఏదో ఒకటి చెయ్యి, ఊకె ఉండకు" అంది. ప్రసూన ఆ పెట్టెను తెచ్చి బియ్యం డబ్బాల వెనక పెట్టింది. చాలా రోజులు దాని మొహం చూడలేదు.

తీసింది ఒక మధ్యాహ్నం, ఏడుపొచ్చిన మధ్యాహ్నం. అత్త కునుకు తీస్తోంది. కూతురు వర్షిత బడికి పోయింది. ఆ పిల్ల ఆన్‌లైన్ క్లాసులు విన్న పాత ల్యాప్‌టాప్‌ను అన్నాల బల్ల మీద పెట్టుకుని, పక్కన ఆ బుల్లి బోర్డుకు కరెంటు ఇచ్చింది. దానికి తెర లేదు, మీటలు లేవు. ఇంటి వైఫై మీదుగా ల్యాప్‌టాప్‌లోంచి దాన్ని పలకరించాలి. పలకరిస్తే బొమ్మలేవీ రావు, మౌసుతో పనే లేదు. నల్లటి తెర, ఒక మూల మిణుకుమిణుకుమంటూ ఒక గీత. ఆ గీత దగ్గర చెయ్యమన్న పని టైపు చేసి ఎంటర్ నొక్కాలి, అంతే. వంటింట్లోకి నీళ్ళకని వచ్చిన శ్రీశైలం వెనక నుంచి చూసి, "ఏంది, బ్యాంకులకెళ్ళి పైసలు లాగుతున్నవా" అని నవ్వి, తాగిన గ్లాసు ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి పోయాడు. ప్రసూన ఆ గ్లాసు తీసి కింద పెట్టింది. కంప్యూటరుకు పని చెప్పే ఆ పైథాన్ భాషలో నాలుగు వరుసలు రాసి ఒక ఫైలులో దాచి, దాన్ని నడపమని టైపు చేసింది. తప్పు అంది తెర. ఏ వరుసలో తప్పో కూడా చెప్పింది. సరిదిద్దితే ఇంకో వరుసలో తప్పంది. అంతేగానీ నీకు తెలివి లేదనలేదు, మీ అమ్మ ఇదేనా నేర్పిందనలేదు. చివరికి చిన్న ఎర్ర బల్బు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ఆ ఇంట్లో ఆమె చెప్పగానే జరిగిన మొదటి పని అది.

తర్వాత నాలుగు రోజులు ఆ పెట్టెలోని వస్తువులన్నీ ఒక్కొక్కటే తగిలించి చూసింది. ఒకటి గదిలో వేడి చెప్పింది, ఒకటి చెయ్యి అడ్డం పెడితే దూరం చెప్పింది. అన్నిటికంటే అడుగున వానను పసిగట్టే పలక దొరికింది. అరచెయ్యిలో సగం ఉంటుంది, దాని మీద దువ్వెన పళ్ళలా సన్నటి గీతలు. నీటి చుక్క పడితే ఆ గీతల మధ్య కరెంటు పారి కబురు వస్తుంది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ప్రసూనకు తన అరచెయ్యి గుర్తొచ్చింది. ఇది చెయ్యదా ఆ పని? దీనికి వాసన లేదు, చపాతీ పిండి కలపాల్సిన అవసరం లేదు. దొంగతనానికి బయల్దేరినదానిలా దుకాణం వైపు ఒకసారి చూసుకుంది. ఆ పూట కూర మాడిపోయింది. "ధ్యాస యాడున్నది" అని శ్రీశైలం మాడిన ముక్కలన్నీ ఏరి కంచం అంచున పేర్చాడు.

మొదటి రోజు అది పొడి పలకనే తడి అంది. చెంచాతో నీళ్ళు పోస్తే పొడి అంది. ప్రసూన తల పట్టుకుంది. తడి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా వస్తుందని ఆమె అనుకుని రాసింది. దాని లెక్క వేరు, తడిస్తే సున్నా ఇస్తుంది. ఆ రెండూ మార్చి రాశాక దారికొచ్చింది. తర్వాత చెమటకే మోగడం మొదలుపెట్టింది. దాని పక్కనున్న బుల్లి స్క్రూను కాస్త కాస్త తిప్పుతూ, చెమటకు ఊరుకుని అసలు తడికి మాత్రమే లేచేలా చేసుకుంది. గుచ్చుకోకుండా మెత్తటి పాత చీర ముక్కతో దానికి సంచి కుట్టి, రబ్బరు షీటుకూ దుప్పటికీ మధ్య పెట్టింది. కరెంటు పోయి వచ్చినా ఎవరూ ముట్టుకోకుండా తనే మొదలయ్యేట్టు ఏర్పాటు చేసింది. తడి తగలగానే ఆమె ఫోను మోగుతుంది. పెట్టే ముందు అత్తకు చెప్పింది. "అత్తమ్మా, ఇగ నేను మాటిమాటికి చెయ్యి పెట్టి సూడ. తడిస్తే ఇదే చెప్తది." దుర్గవ్వ ఆ పలకను చాలాసేపు చూసింది. "చెయ్యి... పెట్టవా... ఇగ?" అంది. "పెట్టను" అంది ప్రసూన. ముసలామె కళ్ళు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదిలింది. అన్నాళ్ళూ ఆ చెయ్యి పెట్టడం తనకే రోత అనుకుంది ప్రసూన. పెట్టించుకోవడం ఆమెకు ఎంత నామోషీగా ఉండేదో అప్పుడు తట్టింది.

మరునాడు ప్రసూన వెనక మెట్టు మీద కూర్చుని చాయ్ తాగింది. మధ్యలో లేవలేదు. చాయ్ చివరి గుక్క దాకా వేడిగా ఉంటుందన్న సంగతి మరిచిపోయి ఎన్నాళ్ళైందో. ఫోను మోగింది, వెళ్ళి మార్చింది, దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది. అత్త తడిలో పడి ఉండే బాధ తప్పింది, ఒంటి మీది ఎరుపు కూడా నాలుగు రోజుల్లో తగ్గింది.

శ్రీశైలం మురిసిపోయాడు. దుప్పటి అంచు ఎత్తించి పలకను ఫోటో తీయించి, "అవ్వ కోసం మన ఇంట్ల తయారు చేసిన మిషన్" అని కుటుంబం గ్రూపులో పెట్టాడు. మన ఇంట్ల అన్నాడు, ఎవరు అనలేదు. మోటారు మరమ్మతుకు తెచ్చిన వాళ్ళు "శ్రీశైలమన్నా, నువ్వే జేసినవా" అంటే "ఏదో, ఇంట్ల అక్కరకు" అని మీసం కింద నవ్వుకున్నాడు. లోపల అప్పడాలు కాలుస్తున్న ప్రసూనకు ఆ మాట వినబడింది. "నా ఫోన్ల గూడ మోగేటట్టు పెట్టు, దుకాణంల సూపెడ్త" అంటే అదీ పెట్టింది. ఒక్కరోజు మోగింది. రెండో రోజుకల్లా దాని నోరు నొక్కి సైలెంట్‌లో పెట్టేశాడు. "గిరాకి ముంగట టింగుటింగుమని సతాయిస్తుంది" అన్నాడు.

అట్లాంటి రోజుల్లో ప్రమీలాదేవి మేడమ్ ఫోన్ చేసింది. కాలేజీలో పిల్లలకు కొత్తగా సెన్సార్ల ల్యాబు పెడుతున్నారు, పైథాన్‌తో పని చేసి చూపించే మనిషి కావాలి. "మంచం కింద సెన్సార్ పెట్టినవట గద. వర్షిత టీచరు చెప్పింది. సోమవారం వచ్చి చేరు. నువ్వు రాకపోతే వేరేటోల్లను తీసుకుంటరు, నా చేతుల ఉండది మల్ల" అంది. ప్రసూన ఫోను పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పాలు పొంగి స్టవ్వంతా అయ్యాయి.

పొద్దుగూకాక శ్రీశైలానికి చెప్పింది. గొడవ అవుతుందనుకుంది. కాలేదు. "పో, ఎవరొద్దన్నరు" అన్నాడు తీరిగ్గా. "ఇప్పుడు నీకేం కష్టం? ఫోన్ మోగంగనే ఆటోల వచ్చి దుప్పటి మార్చి మల్ల పో. సదువుకున్నదానివి, మంచి మిషనే జేసుకున్నవ్."

ప్రసూన ఆయన మొహం వైపు చూసింది. ఎకసెక్కం కాదు, నిజంగానే అంటున్నాడు. కాలేజీ ఊరికి అవతలి వైపు. దుకాణంలో ఆయన కూర్చునే కుర్చీకీ తల్లి మంచానికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. "మీరు గోడ అవతల్నే ఉంటరు గద" అంది. "నేనా?" అన్నాడు, ఎవరో వేరే శ్రీశైలాన్ని గురించి అడిగినట్టు. "మొగోన్ని, అవ్వకు నేను జేస్తనా? ఏం మాటలు అవి" అని టీవీ సౌండు పెంచుకున్నాడు. చేతిని వదిలించుకుందామని చేసుకున్న పలక తన మెడకే పలుపుతాడైంది, ఊరు దాటినా లాక్కొచ్చేంత పొడుగ్గా. ఎవరి తప్పు ఇది? పైథాన్‌లో ఆ వరుస రాసింది తనే. కబురు ఎవరికి పోవాలి అన్న చోట ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన పేరే రాసుకుంది. ఎవరూ రాయమనలేదు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి ఉండి, తడి అంటే తన పేరే అని తనకే ఒంటబట్టింది. ఆ సంగతి తెలిసినప్పుడు వచ్చిన అసహ్యం మూత్రం వాసనకు వచ్చినదానికంటే ఘాటుగా ఉంది.

ఆదివారం హుస్నాబాద్ నుంచి ఉష, ఆమె మొగుడు మల్లేశం వచ్చారు. ఉష గడప దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. అది ఏడుపుకు పెట్టుకున్న కొంగో వాసనకు పెట్టుకున్న కొంగో చెప్పడం కష్టం. మల్లేశం "ఏదో మిషన్ జేసినవట గద బావా" అన్నాడు. శ్రీశైలం కళ్ళు మెరిశాయి. "ఆగు, సూపెడ్త" అని వంటింట్లోకి వచ్చి, స్టీలు గ్లాసుతో బిందెలోని నీళ్ళు ముంచుకున్నాడు. ఎందుకో ప్రసూనకు అర్థం కాలేదు. తర్వాత ఆయన గడప దాటాడు. తల్లి మంచాన పడ్డాక ఆయన ఆ గడప దాటడం ప్రసూన చూడటం అదే మొదలు. మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి కొంచెం ఎత్తి, గ్లాసెడు నీళ్ళు తల్లి నడుము కింద కుమ్మరించాడు.

దుర్గవ్వ ఉలిక్కిపడింది. బాగున్న ఎడమచెయ్యి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. వంటింట్లో పోపు డబ్బా పక్కన ప్రసూన ఫోను మోగింది. "అరె, సూపర్ బావా" అని మల్లేశం చప్పట్లు కొట్టాడు. ఉష కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "సూసినవా, ఎంటనే" అన్నాడు శ్రీశైలం. గొంతు పెంచి, "ప్రసూనా, మోగింది గద, రా, వచ్చి మార్చు. నీళ్ళే, గలీజు కాదు" అని పిలిచి, చేతులు దులుపుకుని, అతిథులను తీసుకుని అన్నానికి కూర్చున్నాడు.

ప్రసూన వచ్చి మార్చింది. మంచినీళ్ళు. వాసన లేదు, రంగు లేదు. ఇన్నాళ్ళూ మూత్రానికి తిప్పినా బిగపట్టుకున్న కడుపు ఆ గ్లాసెడు మంచినీళ్ళకు ఆగలేదు. వెనక రేకుల కిందికి పరుగెత్తి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని తిరిగి వచ్చేసరికి అత్త గోడ వైపు చూస్తోంది. కంటి మూల నుంచి కారిన నీరు చెవిలోకి పోతోంది. ప్రసూన దాన్ని కొంగుతో తుడిచింది.

అన్నాల దగ్గర మాంసం కూర వడ్డిస్తూ, "రేపటి నుంచి నేను కాలేజీకి పోతున్న" అంది. ఉష చెయ్యి కంచంలో ఆగింది. "మరి అవ్వ?" అంది.

"గదేం పెద్ద ముచ్చట" అన్నాడు శ్రీశైలం బొక్క కొరుకుతూ. "ఆ కబురు వర్షిత ఫోనుకు పంపియ్యి. ఇప్పుడు ఒంటిపూట బడులే గద, పగటీలకల్ల ఇంట్ల ఉంటది. పొద్దటి పూట నువ్వు ఒక్కసారి వచ్చిపోతే సరిపాయె. ఆడిపిల్ల, ఎప్పుడన్న నేర్వాల్సిందే గద."

తొమ్మిదో తరగతి చదివే వర్షిత అప్పటికే కంచం ముందు నుంచి సగం లేచింది. ఎంగిలి చెయ్యిని గౌనుకు తుడుచుకుని "నా ఫోన్ తేవాల్నా అమ్మా" అని అడిగింది. ఎదురు చెప్పలేదు, మొహం చిట్లించలేదు, చదువు మీద ధ్యాస ఉన్న పిల్ల కాదన్నట్టు, తన వంతు వచ్చిందన్నట్టు లేచింది. ఎంత చక్కగా పెంచావమ్మా అని నలుగురూ మెచ్చుకునే ఆ వినయాన్ని చూస్తుంటే ప్రసూన ఒళ్ళు జలదరించింది. ఆ వినయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. అమ్మ చేతిని రోజూ చూసి నేర్చుకుంది ఆ పిల్ల.

"కూసో. తిను" అంది ప్రసూన. ఆ గొంతుకు అందరూ తలెత్తి చూశారు. ఆమె కూర గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చుట్టాలను బస్సెక్కించి రావడానికి శ్రీశైలం బండేసుకుని వెళ్ళాక, ప్రసూన అత్త మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తోచలేదు. సూటిగానే అడిగింది.

"అత్తమ్మా, రేపటి నుంచి నేను పగలు ఇంట్ల ఉండ. నువ్వు తడిస్తే దుకాణంల మోగుతది. నీ కొడుకు వచ్చి మార్చాలె. నీ పానానికి వద్దనిపిస్తే చెప్పు, నేను పెట్టను. మల్లమ్మనన్న తెస్త, ఆయన ఏమన్న అననీ."

దుర్గవ్వ పైకప్పు వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది.

"వానికి... సిగ్గు... అయితదా?" అంది.

"అయితది."

ముసలామె పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. "అందరి ముంగట... నీళ్ళు... పోసినప్పుడు... కాలేదు గద." ఊపిరి తీసుకుంది. "పెట్టు."

ప్రసూన ఈ ఇంటికి వచ్చాక ఆ మనిషి తన పక్షాన మాట్లాడిన మాట అదొక్కటే. అత్త ఎడమచెయ్యి మీద చెయ్యి వేసింది. ఆమె ఆ చేతిని పట్టుకోలేదు, తోసెయ్యలేదు.

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచింది. నల్ల తెర, మిణుకుమిణుకుమనే గీత. ఫోనుకు కబురు పంపే వరుస దగ్గరికి వెళ్ళి చూసింది. తన పేరు చెరిపి ఆయన పేరు ఒక్కటే ఉంచితే చాలు, కబురు ఆయన ఫోనుకే పోతుంది. ఆయన ఫోను నోరు నొక్కి జేబులో వేసుకుంటాడు. ఫోనుకు నోరు నొక్కే మీట ఉంటుంది. ప్రసూన ఆ వరుసను మొత్తానికే చెరిపేసింది. పెట్టె అడుగు నుంచి బజరును తీసింది. బుడ్డ గుండీ అంతే ఉంటుంది గానీ మోగితే చెవులు చిల్లులు పడతాయి. పలక సున్నా చెప్తే బజరు మోగాలి, ఒకటి చెప్పేదాకా మోగుతూనే ఉండాలి అని రాసింది. అంటే పొడి బట్ట పడేదాకా. వంటింట్లో బల్ల మీద చెంచాడు నీళ్ళతో చూసుకుంది. మోగింది. గుడ్డతో తుడిస్తే ఆగింది. మంచం మీద ఉన్న మనిషి కింద నీళ్ళు పోయకుండా కూడా పరీక్ష చేసుకోవచ్చు, అంత చిన్న సంగతి.

పొడుగాటి వైరు మాత్రం ఆమె దగ్గర లేదు. దుకాణంలో ఉంది. శ్రీశైలం మోటార్లు విప్పి పడేసిన మూలలోంచి ఒక చుట్ట తెచ్చుకుంది. బోర్డు దగ్గర నుంచి గోడ పైనున్న వెంటిలేటరులోంచి దాన్ని అవతలికి దూర్చి, దుకాణంలో ఆయన కుర్చీ వెనక, క్యాలెండరు మేకుకు బజరును వేలాడదీసింది. స్టూలు దిగి దూరం నుంచి చూసింది. ఎంత దగ్గరో. ఇన్నాళ్ళూ ఎవరూ కొలిచి చూడలేదంతే.

సోమవారం పొద్దున వర్షిత బడికి పోయింది. ప్రసూన వంట చేసి, అత్తకు తినిపించి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకుంది. మంచం పక్కన స్టూలు మీద మడతపెట్టిన దుప్పట్లు, తుడిచే గుడ్డ, పౌడరు డబ్బా పెట్టింది. దుకాణంలోకి వెళ్ళింది. శ్రీశైలం షట్టరు ఎత్తి, ఊదుబత్తీలు వెలిగించి, కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"మీ వెనక మేకుకు ఉన్నది చూడండి" అంది. "అది మోగితే అవ్వ తడిసినట్టు. బట్టలు స్టూలు మీద ఉన్నయ్. అత్తమ్మకు చెప్పిన, సరేనన్నది. మార్చేదాక ఆగది."

ఆయన వెనక్కి తిరిగి బజరును చూశాడు, ఆమెను చూశాడు, నవ్వాడు. "పొద్దుగాల్నే పరాచకాలా?"

"కాదు."

"నాకు వాంతికొస్తదని తెల్వదా నీకు?"

"తెలుసు. నాకూ వస్తది" అంది ప్రసూన. "కక్కుకొని, మూతి కడుక్కొని మార్చాలె. నేను కడుపు బిగవట్టుకొని జేసిన ఇన్నొద్దులు."

శ్రీశైలం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎక్కువ మాట్లాడుతున్నవ్. మోగితే నీకే ఫోన్ జేస్త, వచ్చి మార్చిపో."

"ల్యాబుల ఫోన్ ఎత్త. వర్షితకు గూడ చెయ్యకండి, దానికి బడి ఉన్నది" అని బ్యాగు భుజానికి వేసుకుని బయటికి వచ్చింది. భయంగానే ఉంది, కానీ భయపడటానికి ఆగాల్సిన పని లేదు. రోడ్డు దాటి, వస్తున్న ఆటోకు చెయ్యి ఎత్తింది. ఆటో ఆగింది.

ఒక కాలు లోపల పెట్టిందో లేదో, దుకాణంలో బజరు మోగింది. సన్నగా, గుచ్చినట్టు, ఆగకుండా. మోటారును భుజాన వేసుకుని అప్పుడే వచ్చిన రైతు ఒకాయన "ఏందన్నా ఆ సప్పుడు" అని అడగడం రోడ్డు ఇవతలికి వినబడింది. శ్రీశైలం బయటికి వచ్చాడు. దుకాణం మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. చెయ్యి తనంతట తనే భుజం మీదికి పోయింది, తువ్వాలు ముక్కు మీదికి వచ్చింది.

"ప్రసూనా" అన్నాడు. "మోగుతుంది."

"ఇనవడ్తుంది" అంది ప్రసూన. రెండో కాలు కూడా లోపలికి పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. ఆటో అతను గేరు వేశాడు. ఆమె ఒక్క నిమిషం ఆగమని చెప్పి, తల బయటికి పెట్టి, రోడ్డు అవతలికి వినబడేట్టుగా చెప్పింది.

"ఆ ముక్కు మీది తువ్వాల పొడిగనే ఉన్నది. ముందు గది తీస్కపోయి మీ అవ్వ కింద ఎయ్యండి."